గట్టు నుంచి చెరువు దాకా గాజు పోగు

డిసెంబరులో యాసంగి నారు పోసిన రైతు తెల్లవారకముందే నారుమడి దగ్గరికి పోతాడు. రాత్రి చలికి చల్లబడ్డ నీళ్లను మడిలోంచి తీసేసి, మోటారు వేసి బోరు నీళ్లు పెడతాడు. సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ చుట్టుపక్కల ఇది ఏటా చూసేదే. చలికి నారు ఎర్రబడి గిడసబారకుండా ఉండాలంటే ఇలా చేయమనీ, రాత్రిపూట పాలిథిన్ పట్టా కప్పి పొద్దున తీసేయమనీ వ్యవసాయ శాస్త్రవేత్తలు కూడా చెబుతారు. ఆ వేళప్పుడు పైపు కింద చేయి పెడితే నీళ్లు గోరువెచ్చగా తగులుతాయి. అదే బోరు, అదే పైపు, మే నెల మధ్యాహ్నం చల్లగా అనిపిస్తాయి. నిజానికి ఆ నీటి వేడి రెండు కాలాల్లోనూ ఇంచుమించు ఒకటే, 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. కాలంతోపాటు మారేది పైనున్న గాలీ, మన చేయీ.

పైన ఇంత ఎండా ఇంత చలీ ఉంటే కింద ఏమీ మారకపోవడానికి కారణం నేలే. పగటి వేడి నేలలోకి అలగా దిగుతుంది. దిగుతున్నకొద్దీ అల చిన్నదవుతుంది, ఆలస్యమూ అవుతుంది. ఓ మోస్తరు తేమ ఉన్న నేలను తీసుకుందాం. మే నెలలో పైపొర వేడి తెల్లవారుజామున 30 డిగ్రీలు, మధ్యాహ్నం 56 డిగ్రీలు ఉందనుకుంటే పగటికీ రాత్రికీ తేడా 26 డిగ్రీలు. 12 సెంటీమీటర్ల లోతుకు పోయేసరికి ఆ తేడా పది డిగ్రీలకు పడిపోతుంది. అక్కడ గరిష్ఠ వేడి నాలుగు గంటలు ఆలస్యంగా, సాయంత్రానికి అందుతుంది. 37 సెంటీమీటర్ల దగ్గర మిగిలేది ఒక డిగ్రీ. అదీ పన్నెండు గంటలు ఆలస్యం, అంటే పైన అర్ధరాత్రి దాటాక అక్కడ మధ్యాహ్నం అవుతుంది. ఏడాది అల ఇంకా లోతుకు పోతుంది. రోజు అల 12 సెంటీమీటర్లలో ఎంత తరుగుతుందో, ఏడాది అల అంత తరగడానికి దాదాపు రెండుంపావు మీటర్లు కావాలి, అక్కడికి చేరడానికి రెండు నెలలు కావాలి. పది పన్నెండు మీటర్లు దాటితే ఎండకాలమూ చలికాలమూ చెరిగిపోతాయి, ఏడాది సగటు ఒక్కటే ఉంటుంది. బోరు నీళ్లు వచ్చేది ఆ కింది నుంచే.

ఇంకా నిదానమైన అలలూ ఉన్నాయి. నూరేళ్ల మార్పు గ్రానైటు రాయిలో వంద మీటర్లు దాటి దిగుతుంది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, దేశంలోని లోతైన బోర్లలోకి ఉష్ణమాపకాలు దించి అడుగడుగునా వేడిని రాసుకుంది. ఆ లెక్కలనుబట్టి గడిచిన సుమారు 150 ఏళ్లలో దేశంలో నేల ఉపరితలం సగటున 0.9 డిగ్రీలు వేడెక్కిందని అక్కడి శాస్త్రవేత్తలు 2002లో ప్రకటించారు. ఉష్ణమాపకాలు లేని కాలపు వాతావరణాన్ని రాయిలోంచి చదివిన పని అది. మన దగ్గర జరిగిన మంచి విజ్ఞానకృషిలో దానికి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం.

అల ఎంత వేగంగా దిగుతుందో, ఎంత తరుగుతుందో తేల్చేవి నేలకున్న రెండు గుణాలు. ఒకటి, వేడిని పక్కకు అందించే గుణం, ఉష్ణవాహకత. రెండోది, తాను ఒక డిగ్రీ వేడెక్కడానికి ఎంత వేడిని మింగుతుందన్నది, ఉష్ణధారణ. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఉష్ణ వ్యాపనం, అల నడక దాని చేతిలో ఉంటుంది. ఇసుక రేణువులోని క్వార్ట్‌జ్ వేడిని చాలా బాగా అందిస్తుంది, మీటరుకు డిగ్రీకి ఏడెనిమిది వాట్లు. నీరు 0.6 వాట్లు. గాలి 0.025 వాట్లు మాత్రమే. ఎండిన నేలలో రేణువులు ఒకదాన్నొకటి సూదిమొన అంత మేర తాకుతూ ఉంటాయి, మిగతా ఖాళీ అంతా గాలే, కాబట్టి వేడికి దారి ఉండదు. వాన పడగానే ఆ తాకిడి దగ్గర నీటి బొట్టు పట్టుకుని రేణువుకూ రేణువుకూ మధ్య వంతెన కడుతుంది. ఎండిన ఇసుక నేల వాహకత 0.3 దగ్గర ఉంటే, తడిసినప్పుడు 1.5 దాటిపోతుంది. అదే సమయంలో ఉష్ణధారణ కూడా పెరుగుతుంది, ఎందుకంటే ఘనపు మీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి కావలసిన శక్తి అదే పరిమాణం రాతి పొడికి కావలసినదానికి రెట్టింపు.

అంటే నేల వేడి నడకలో నేల తేమ దాగి ఉంది. వేడిని కొలవడం సులువు, వేళ్ల దగ్గర నీటిని కొలవడం కష్టం. సులువైనదాన్ని కొలిచి కష్టమైనదాన్ని రాబట్టవచ్చు.

చిక్కంతా ఎక్కడ కొలవాలన్న దగ్గరే మొదలవుతుంది. చివ్వెంల మండలాన్నే తీసుకోండి. హైదరాబాదు–విజయవాడ రహదారి మీద సూర్యాపేట దాటగానే దురాజ్‌పల్లి వస్తుంది. రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతరకు లక్షల మంది చేరే పెద్దగట్టు అదే. గట్టు మీద రాయి. గ్రానైటు వాహకత మూడు వాట్లకు దగ్గర, పైగా అది వేడిని బాగా దాచుకుంటుంది, అందుకే పొద్దు గూకిన చాలాసేపటికి కూడా బండ మీద కూర్చుంటే వెచ్చగా తగులుతుంది. ఇలాంటి గట్ల నుంచి కిందికి దిగితే తెలంగాణలో సాధారణంగా కనిపించే వరస ఒకటుంది. గట్టు పాదాన రాళ్లు రప్పలు కలిసిన గరుసు నేల, తరవాత ఎర్ర చెల్క, వాలు తగ్గిన చోట దుబ్బ, అడుగున చెరువు కింద నల్లరేగడి, అందులో వరిమళ్లు. గట్టు రాయి చితికి కొట్టుకొచ్చి, బరువు ముక్కలు పైన ఆగి, సన్న మన్ను కిందికి జారి తయారైన వరస అది. ఒకటి రెండు కిలోమీటర్లలో నాలుగు రకాల నేలలు. ఒకే రైతు కమతంలో పై చెలక వానపడ్డ నాలుగో రోజుకు వాడు మొహం పెడుతుంటే, కింద గెట్టు పక్కన రేగడిలో నాగలి దిగబడుతుంది.

ఇప్పుడు నేల వేడిని ఎలా కొలుస్తున్నామో చూడండి. వ్యవసాయ వాతావరణ కేంద్రాల్లో వంపు తిరిగిన గాజు ఉష్ణమాపకాలను 5, 10, 20 సెంటీమీటర్ల లోతున పాతి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూసి రాస్తారు. దశాబ్దాల తరబడి ఓపికగా రాసిన ఆ పుస్తకాలు విలువైనవే. కానీ ఆ సంఖ్య ఆ కంచె లోపలి గజం నేలది మాత్రమే. రెండో కొసన ఉపగ్రహం ఉంది. 2015 జనవరిలో నాసా పంపిన స్మాప్ ఉపగ్రహం పైపొర ఐదు సెంటీమీటర్ల తేమను చూస్తుంది. దాని రేడియోమీటరుకు ఒక చుక్క అంటే దాదాపు నలభై కిలోమీటర్ల ప్రదేశం, సూర్యాపేట నుంచి ఇంచుమించు కోదాడ దాకా. గట్టు, చెల్క, చెరువు, సాగర్ ఆయకట్టు, హైవే, ఊళ్లు అన్నీ కలిపి ఒక్క సంఖ్య. గజానికీ నలభై కిలోమీటర్లకూ మధ్య, రైతు బతికే కొలతలో మన దగ్గర చూపు లేదు. గాజు పోగు పనికొచ్చేది సరిగ్గా అక్కడ.

ఇంటింటికీ ఇంటర్నెట్ తెచ్చే ఆప్టికల్ ఫైబరే ఇదీ. పైతొడుగు తీస్తే గాజు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. ఒక కొసన లేజరు పెట్టి, సెకనులో పదికోట్లో వంతు కాలం మాత్రం వెలిగే మిణుకును లోపలికి పంపుతారు. గాజులో కాంతి వేగం సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు. మిణుకు పోతూ ఉంటే దారిలో ప్రతి చోటా గాజు అణువులు అందులో ఇసుమంత వెనక్కి చెదరగొడతాయి. బావిలో కేక వేసి, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూసి నీళ్ల లోతు చెప్పినట్టే, తిరిగొచ్చిన కాంతి ఎంత ఆలస్యమైందో చూసి అది ఎన్నో మీటరు నుంచి వచ్చిందో చెబుతారు. ఒక కిలోమీటరు పోయి రావడానికి పట్టేది సెకనులో లక్షో వంతు.

ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది, ఎంత వేడిలోంచి వచ్చిందో తెలియాలి. ఆ సంగతి చెప్పేది రామన్ ఫలితం. చిన్ననాటి చదువు విశాఖపట్నంలో సాగిన చంద్రశేఖర వెంకట రామన్ 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో, కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి పట్టుకున్న విషయం అది. చెదిరిన కాంతిలో చాలా భాగం వచ్చిన రంగులోనే ఉంటుంది. కోట్ల కాంతికణాల్లో ఏ ఒకటీ అరో మాత్రం అణువుకు కొంచెం శక్తి ఇచ్చి ఎరుపు వైపు జరుగుతుంది, లేదా అప్పటికే ఊగుతున్న అణువు నుంచి శక్తి తీసుకుని నీలం వైపు జరుగుతుంది. మొదటి రకాన్ని స్టోక్స్ అనీ, రెండో రకాన్ని యాంటీ స్టోక్స్ అనీ అంటారు. లేజరు 1064 నానోమీటర్లదైతే ఒకటి 1116 దగ్గర, రెండోది 1016 దగ్గర కనిపిస్తుంది. ఇవ్వడానికి అణువు ఎలా ఉన్నా పరవాలేదు, తీసుకోవాలంటే అది ముందే ఊగుతూ ఉండాలి. గాజు వేడెక్కేకొద్దీ ఊగే అణువులు పెరుగుతాయి, యాంటీ స్టోక్స్ కాంతి డిగ్రీకి దాదాపు 0.8 శాతం పెరుగుతుంది. రెంటి నిష్పత్తే ఉష్ణోగ్రత. గాజు పోగులో ఎక్కడా విడిగా ఉష్ణమాపకం ఉండదు, పోగు పొడవునా గాజే ఉష్ణమాపకం. రామన్ దగ్గర పనిచేసిన మన సూరి భగవంతం కాంతి పరిక్షేపణం మీదా రామన్ ఫలితం మీదా రాసిన పుస్తకం 1940లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. అప్పటికి లేజరూ లేదు, ఇప్పటి ఫైబరూ లేదు. ఈ రెండూ వచ్చాక 1980లలో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో ఫైబరు పొడవునా వేడి కొలిచే పద్ధతి రూపుదిద్దుకుంది. ముందుగా వాడుకున్నది చమురు బావుల వాళ్లూ, కరెంటు కేబుళ్ల వాళ్లూ. నీటి శాస్త్రానికి దాన్ని గట్టిగా పరిచయం చేసింది అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయపు జాన్ సెల్కర్ బృందం, 2006లో.

నేలలో దీన్ని వాడడానికి రెండు దారులున్నాయి. సూర్యుడి వేడినే ఆసరా చేసుకునేది ఒకటి. వేర్వేరు లోతుల్లో రెండు మూడు కేబుళ్లు పరిచి, పగటి అల పై కేబుల్ నుంచి కింది కేబుల్‌కు ఎంత తరిగి, ఎంత ఆలస్యంగా వచ్చిందో చూస్తారు. అందులోంచి ఉష్ణ వ్యాపనం వస్తుంది, దానిలోంచి తేమ. నెదర్లాండ్స్‌లో సుసాన్ స్టీల్ డన్ బృందం చేసిన ఈ ప్రయోగం 2010లో అచ్చయింది. ఖర్చు తక్కువ, కరెంటు అక్కర్లేదు. కానీ ఇబ్బందులు లోతైనవి. కేబుల్ ఎంత లోతున ఉందో సెంటీమీటరు తేడా లేకుండా తెలియాలి, నాగలి లాంటి పరికరంతో వందల మీటర్లు దింపేటప్పుడు అది సాధ్యపడేది కాదు. ముసురు పట్టిన రోజున పగటి అలే ఉండదు, అంటే వానాకాలంలో మనకు కావలసినప్పుడే కొలత మూగబోతుంది. అన్నిటికన్నా పెద్దది ఇంకోటుంది. నేల తడుస్తున్నకొద్దీ మొదట వాహకత చకచకా పెరిగి ఉష్ణ వ్యాపనం పెరుగుతుంది. కొంత తడి దాటాక వాహకత పెరుగుదల నెమ్మదిస్తుంది, ఉష్ణధారణ మాత్రం పెరుగుతూనే ఉంటుంది, దాంతో వ్యాపనం తగ్గడం మొదలుపెడుతుంది. కాబట్టి ఒకే వ్యాపనానికి రెండు తేమలు సరిపోతాయి. ఆరుతున్న చెలకా, నానిన చెలకా ఒకే జవాబు ఇవ్వవచ్చు.

రెండో దారిలో వేడి మనమే ఇస్తాం. కేబుల్ మీది ఉక్కు తొడుగులోకి కాసేపు కరెంటు పంపి, కేబుల్ ఎంత వేడెక్కిందో, మళ్లీ ఎలా చల్లారిందో ప్రతి మీటరు దగ్గరా చూస్తారు. మీటరుకు పది వాట్ల చొప్పున వేడి ఇచ్చామనుకోండి. లెక్క ప్రకారం మొదటి నిమిషానికీ పదో నిమిషానికీ మధ్య, వాహకత 0.3 ఉన్న ఎండు దుబ్బలో కేబుల్ ఇంకో ఆరు డిగ్రీలు వేడెక్కుతుంది. వాహకత 1.5 ఉన్న తడి నేలలో పెరిగేది 1.2 డిగ్రీలే, ఎందుకంటే తడి నేల ఆ వేడిని వెంటనే పట్టుకుపోతుంది. ఇక్కడ సందిగ్ధం లేదు, ముసురుతో పని లేదు, లోతు సెంటీమీటరు అటూ ఇటూ అయినా నష్టం లేదు. చాది సాయ్‌దే, సెల్కర్ బృందం ఒరెగాన్‌లో తిరిగే పైపుల సేద్యం కింద ఉన్న పొలంలో 30, 60, 90 సెంటీమీటర్ల లోతున 240 మీటర్ల వరసల్లో కేబుల్ పాతి, ప్రతి పావు మీటరుకూ తేమను గంటకు కొన్నిసార్లు చదివి చూపింది. 2014 నాటి మాట. నా మటుకు నాకు చెల్క నేలలకు ఈ రెండో దారే సరైనదనిపిస్తుంది. అయితే కిలోమీటరు కేబుల్‌ను వేడి చేయాలంటే పది కిలోవాట్లు కావాలి. పొలం గట్టున త్రీఫేజ్ కరెంటు ఉన్న ఊళ్లలో అది అసాధ్యమేమీ కాదు.

అలాంటి కేబుల్ ఒకటి గట్టు పాదం నుంచి చెరువు కట్ట దాకా వేస్తే, వాన వెలిసిన మర్నాడు ఏం కనిపిస్తుందో ఊహించవచ్చు. పైన గరుసు నేల మొదటి రెండు మూడు రోజుల్లోనే ఆరి, వేడి చేసినప్పుడల్లా కేబుల్ ఎక్కువగా వేడెక్కుతూ ఉంటుంది. చెల్కలో అది నెమ్మదిగా జరుగుతుంది. వాలు మారే చోట, పైనుంచి రాతి పొర మీదుగా జారివచ్చిన ఊట బయటపడే దగ్గర, పది ఇరవై మీటర్ల మేర నేల వారాల తరబడి తడిగా ఉన్నట్టు గీత పడిపోతుంది. అక్కడ ఊట ఉందని ఊరి పెద్దమనుషులకు ఎప్పుడూ తెలుసు. ఆ ఊట ఏ రోజు మొదలై ఏ రోజు ఆగిందో, ఎన్ని మీటర్లు పాకిందో రాసిపెట్టినవాళ్లు లేరు. గ్రానైటు ప్రాంతంలో వాన నీరు భూమిలోకి ఇంకేది అంతటా సమానంగా కాదు, కొన్ని చోట్లే ఎక్కువ. ఆ చోట్లు తెలిస్తే ఇంకుడు గుంత ఎక్కడ తవ్వాలన్నది తెలుస్తుంది.

రేగడిలోకి వచ్చేసరికి మన నేల తన స్వభావం చూపుతుంది. ఎండకాలంలో రేగడి చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. నెర్రెకు అడ్డంగా ఉన్న కేబుల్ ముక్క గాలిలో వేలాడుతుంది, గాలి వేడిని మోయదు కాబట్టి అక్కడ కేబుల్ విపరీతంగా వేడెక్కి, నేల ఎముకలా ఎండిపోయిందని చెబుతుంది. నిజానికి పక్కనే మట్టి పెళ్లలో ఇంకా తేమ ఉండవచ్చు. ఒరెగాన్ పొలంలో తయారైన సూత్రాన్ని ఇక్కడ అలాగే వాడితే తప్పు లెక్క వస్తుంది. వరిమడిలో ఇంకో కష్టం. ప్రతి కారుకూ దమ్ము చేసే కేజ్‌వీల్స్, రోటావేటరు పైపొరను తిరగేస్తాయి, అక్కడ కేబుల్ ఒక్క పంట కూడా బతకదు. ఎలుకలు కొరుకుతాయి. ఫైబరును చదివే యంత్రం ధర లక్షల్లో ఉంటుంది, దాన్ని దుమ్ముకూ వేడికీ దూరంగా గదిలో పెట్టాలి. వీటన్నిటి దృష్ట్యా మొదటి కేబుల్‌కు అనువైన చోటు నల్లగొండ, సూర్యాపేట జిల్లాల బత్తాయి తోటే. ఏళ్ల తరబడి చెట్టు కదలదు, దున్నకం లోతు తక్కువ, డ్రిప్పు నీళ్లు ఏ చెట్టుకు ఎంత లోతుకు దిగాయో తెలిస్తే రైతుకు ఆ వారమే పనికొస్తుంది.

బత్తాయి తోటను మించి గాజు పోగుకు పని ఉన్న చోటు కాలువ కట్ట. సూర్యాపేట జిల్లాకు రెండు నదుల నీళ్లూ వస్తాయి. సూర్యాపేట వైపు శ్రీరాంసాగర్ రెండో దశ కాలువల్లో గోదావరి, కోదాడ, హుజూర్‌నగర్ వైపు నాగార్జునసాగర్ ఎడమ కాలువలో కృష్ణ. సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో, కట్టలకు అంత వయసుంది. 2024 సెప్టెంబరు 1న కుండపోత వానలకు నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర ఎడమ కాలువకు గండి పడి పొలాలు మునిగాయి. అలాంటి వరదను ఏ కేబులూ ఆపలేదు. కానీ కట్టలోపల నెలల తరబడి సన్నగా సాగే ఊటను వేడి పట్టిస్తుంది. ఊట లేని కట్టలో కాలువ నీటి వేడి మట్టి గుండా రెండు మీటర్లు దాటడానికి దాదాపు రెండు నెలలు పడుతుందని పైన చూశాం. మట్టిలోంచి నీరే నడుస్తుంటే వేడిని తనతోపాటు మోసుకొస్తుంది, అదే మార్పు కొద్ది రోజుల్లోనే కేబుల్‌కు అందుతుంది. కట్ట పొడవునా ఎక్కడ కాలం ముందుగా మారిందో అక్కడ ఊట ఉన్నట్టు. జర్మనీ, స్వీడన్‌లలో ఆనకట్టల్లో 1990ల నుంచీ ఈ పద్ధతి వాడుతున్నారు. కట్ట మరమ్మతుకు ఎలాగూ తవ్వినప్పుడు పాదాన ఒక కేబుల్ వేసి మట్టి కప్పడానికి అయ్యే అదనపు ఖర్చు, ఒక గండి మిగిల్చే నష్టంతో పోలిస్తే చాలా తక్కువ.

ఊరూరా ఇప్పటికే ఫైబరు ఉంది కదా అన్న ప్రశ్న సహజం. మిషన్ భగీరథ పైపుల కోసం తీసిన కందకాల్లోనే టీ ఫైబర్ కేబుళ్లు పరిచారు. అయితే అవి ఉన్నది మీటరు దరిదాపు లోతున, అక్కడికి పగటి అల చేరదు. పైగా ప్లాస్టిక్ గొట్టంలో, చుట్టూ గాలితో ఉంటాయి. ఇంటర్నెట్‌కు వాడే సన్న గాజు గుండె రామన్ కొలతకు అంత అనువైనదీ కాదు. బ్రిలువాన్ పరిక్షేపణం అనే ఇంకో పద్ధతితో చదవవచ్చు కానీ, అది వేడితోపాటు కేబుల్ సాగుడును కూడా కలిపి చెబుతుంది. వాటితో ఏడాది అలను, ఊళ్ల కింద నేల ఏటేటా వేడెక్కే తీరును చూడవచ్చు. వేళ్ల దగ్గరి తేమకు మాత్రం వేరే కేబుల్ తప్పదు.

దానికీ ముందు చేయవలసిన పని కేబుల్‌ది కాదు, మట్టిది. గరుసు, చెల్క, దుబ్బ, రేగడి నాలుగింటికీ విడివిడిగా, ఎంత తేమ దగ్గర ఎంత వాహకత ఉంటుందో గీత గీయాలి. తెలిసిన ఘనపరిమాణం ఉన్న ఉక్కు గొట్టంతో మట్టి తీసి, తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజు ఆరబెట్టి, మళ్లీ తూచి, ఆ తేడాను సూదిలాంటి ఉష్ణవాహకత మాపకం చూపిన సంఖ్య పక్కన రాసుకోవాలి. ఒక్కో నేలకు ఎండిన స్థితి నుంచి నానిన స్థితి దాకా పది పన్నెండు నమూనాలు. రేగడికి నెర్రె విచ్చినప్పుడు ఒకసారి, మూసుకున్నాక ఒకసారి. గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం, కంపసాగర్ పరిశోధన స్థానం లాంటి చోట్ల చేయగలిగిన పని ఇది. ఓవెనూ తక్కెడా ఉంటే ఈ యాసంగి కోతలు కాగానే మొదలుపెట్టవచ్చు.